పంతొమ్మిది రోజుల ముందు పెట్టిన సంతకం

ఆ ఉత్తరం వచ్చిన రోజు నేను నార్త్ కరోలినాలోని క్యారీలో మా ఇంటి డ్రైవ్‌వేలో నిలబడి, ఉత్తరం ముట్టినట్టు పోస్ట్‌మ్యాన్ అందించిన పచ్చ రసీదు కార్డు మీద సంతకం పెట్టాను. లోపలికి వెళ్ళేదాకా ఆగలేక అక్కడే కవరు చింపాను. కాలిఫోర్నియాలోని ఒక లాయర్ ఆఫీసు నుంచి వచ్చింది. మా అక్క పోయి అప్పటికి రెండు నెలలు.

మొదటిసారి చదివినప్పుడు వేరేవాళ్ళ కాగితాలు పొరపాటున నాకు పంపారనుకున్నాను. అక్క పేరు ఉంది, అక్కడే డబ్లిన్ అనే ఊళ్ళో ఇంటి అడ్రసు ఉంది, కానీ రాసి ఉన్నవి అక్క రాయించే మాటలు కావు. ఇల్లు అమ్మెయ్యాలట. అక్క కూతుర్ని "తగిన రెసిడెన్షియల్ సదుపాయం"లో చేర్చాలట. వచ్చిన డబ్బు అక్క మరిది చేతిలో ఉండాలట, అతనికి సబబని తోచినట్టు ఖర్చు పెట్టాలట. ఆ పిల్ల తర్వాత మిగిలిందంతా అతని కొడుకులకట. దీని మీద కోర్టుకి వెళ్ళదలిస్తే నూట ఇరవై రోజుల్లోపు వెళ్ళాలట. వెళ్తే, వెళ్ళినవాళ్ళకీ, ఎవరి తరఫున వెళ్ళారో వాళ్ళకీ కూడా ఏమీ రాదట.

ఎవరి తరఫున అంటే ఇంకెవరు, పాప తరఫున. పాప కోసం ఎవరైనా నోరెత్తితే పాప నోటి దగ్గర కూడు లాగేస్తామని, అక్క సంతకం కింద రాయించారు.

డ్రైవ్‌వేలో నిలబడే మళ్ళీ చదివాను. ఎదురింటావిడ కుక్కని నడిపించుకుంటూ వెళ్తూ చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్దది. చిప్ డిజైన్ ఇంజనీరు. బావగారూ అదే పని. పాప వాళ్ళకి ఒక్కతే కూతురు, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. ముప్ఫై ఏళ్ళు వచ్చినా మా అందరికీ పాపే. పుట్టిన మూడో రోజు హాస్పిటల్లో ఒక సోషల్ వర్కర్ అక్క చెయ్యి పట్టుకుని ఏడవబోతే, అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏడుపు తర్వాత. ముందు దీనికి పాలు పట్టడం నేర్పించండి" అందట. బావగారు ఈ మాట ఎన్నిసార్లు చెప్పారో.

అలాగే పెంచింది. మైక్రోవేవ్ వాడటం, బట్టలు మడతపెట్టడం, ఫోన్లో తెలియనివాళ్ళకి అడ్రసు చెప్పకపోవడం, ఒక్కొక్కటి నెలల తరబడి నేర్పింది. పాప వారానికి మూడు పొద్దుటిపూటలు దగ్గర్లో ఒక గ్రోసరీ స్టోర్ బేకరీలో కేకు పెట్టెలు మడుస్తుంది. నడవలేనివాళ్ళ కోసం, పాపలాంటివాళ్ళ కోసం కౌంటీ నడిపే చిన్న తెల్ల బస్సు ఇంటి ముందుకొచ్చి తీసుకెళ్తుంది, మళ్ళీ దింపుతుంది. డ్రైవరు మారితే పాపకి ఒక వారం నిద్ర పట్టదు. ఆ బస్సు ఎక్కడం నేర్పడానికి అక్క నాలుగు నెలలు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళింది. మొదట పక్కన కూర్చుని, తర్వాత వెనక సీట్లో కూర్చుని, చివరికి బస్సు వెనకాల కారులో వస్తూ.

బావగారు గుండెపోటుతో పోయాక అక్క ట్రస్టు రాయించింది. నాకు ఫోన్ చేసి, చిన్నప్పుడు లెక్కలు చెప్పినట్టే చెప్పింది.

"దీన్ని రివోకబుల్ ట్రస్ట్ అంటారు. ఇల్లూ వాకిలీ దాని పేరున పెడతాను. బతికున్నంత కాలం నా ఇష్టం, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. నేను పోయాక ఇంక మార్చడం ఉండదు. అప్పట్నించీ నడిపించేది నువ్వు. పాప పేరున నేరుగా ఏదైనా ఉంటే దానికి గవర్నమెంట్ ఇచ్చే మెడికల్ సాయం పోతుంది, అందుకే ఈ తిప్పలు."

"నేనెక్కడో నార్త్ కరోలినాలో ఉన్నాను కదే. మీ మరిది అక్కడే ఉన్నాడు కదా, ఇరవై నిమిషాల దూరంలో?"

"ఉన్నాడు. మంచివాడే. కానీ దాన్ని చూసి జాలి పడతాడు. నువ్వు పోట్లాడతావు. నాకు పోట్లాడేవాళ్ళు కావాలి."

పాప బతికున్నంత కాలం ఆ ఇంట్లోనే ఉండాలి. కింద గదిలో ఒక మనిషి ఉండి చూసుకోవాలి. పాప తర్వాత ఆ ఇల్లు పాపలాంటి పెద్దవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఉండటానికి అక్కడి ఒక సంస్థకి వెళ్ళాలి. అక్క రాసింది అదీ.

అక్క మరిదిని పాప "బాబాయ్" అంటుంది. ఇక్కడ నేనూ బాబాయి అనే అంటాను. అతన్ని మొదట్నించీ దొంగని చెయ్యడం నాకు తేలికే, కానీ అది నిజం కాదు. అక్కకి పాంక్రియాస్‌లో కేన్సరని తేలిన రోజు నుంచి అతను చాలా చేశాడు. కీమోకి తీసుకెళ్ళాడు. ఆదివారం ఆదివారం దోసెల పిండి, పాపకి పిజ్జా తెచ్చేవాడు. పాపతో కూర్చుని చూసిన కార్టూన్లే మళ్ళీ చూసేవాడు. నేను ఫార్మా కంపెనీలో డేటా పని చేస్తాను. ఉన్న లీవంతా కలిపి నెలన్నర అక్క దగ్గరున్నాను. అయిపోయాక రెండు వారాలైనా ఆఫీసుకి మొహం చూపించకపోతే ఉద్యోగం ఉండదన్నారు. వెళ్ళనా వద్దా అని నేను వంటింట్లో ఏడుస్తుంటే బాబాయే ఓదార్చాడు.

"నువ్వు వెళ్ళిరామ్మా. నేనున్నాగా. వదిన నాకు అమ్మలాంటిది."

నేను వెళ్ళాను. నేను వెళ్ళిన ఐదో రోజున, ట్రస్టుని ఇలా మార్చేసిన ఆ సవరణ మీద సంతకం అయింది. అక్క పోవడానికి సరిగ్గా పంతొమ్మిది రోజుల ముందు. నేను తిరిగొచ్చేసరికి అక్క నన్ను గుర్తుపట్టడం ఒక పూట, పట్టకపోవడం ఒక పూట. చివరి పది రోజులూ బాబాయీ నేనూ ఒకే గదిలో, మంచానికి చెరోవైపు కూర్చున్నాం. ఒక్క మాట చెప్పలేదు. పన్నెండో రోజు భోజనాల దగ్గర నా విస్తట్లో స్వయంగా నెయ్యి వేశాడు. అప్పుడూ చెప్పలేదు.

ఉత్తరం చేతిలో పెట్టుకునే అతనికి ఫోన్ చేశాను.

"ఏమిటండీ ఇది?"

"ఓ, లెటర్ వచ్చిందా అమ్మా. అదేదో ప్రొసీజర్. లాయర్ అందరికీ పంపాలన్నాడు."

"ఇల్లు అమ్మమని అక్క చెప్పిందా?"

"వదిన లాస్ట్‌లో చాలా ప్రాక్టికల్‌గా ఆలోచించిందమ్మా. అంత పెద్ద ఇంట్లో పాప ఒక్కతీ ఎలా? మంచి గ్రూప్ హోమ్ చూశాను. రెండు గంటల డ్రైవ్. ఎయిర్ కండిషన్డ్, గార్డెన్ కూడా ఉంది."

"రెండు గంటల దూరమా? దాని ఉద్యోగం? దాని బస్సు?"

"అమ్మా, కేకు డబ్బాలు మడవడం ఉద్యోగమేమిటి చెప్పు?"

అక్కడ ఫోన్ పెట్టేశాను. ఇంకో మాట విని ఉంటే నేనేమనేదాన్నో.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "కోర్టంటే ఏళ్ళ తరబడి సాగుతుంది, తెలుసుగా" అన్నారు. తెలుసన్నాను. వెంటనే కాలిఫోర్నియాకి టికెట్ బుక్ చేశారు.

లాయరుని వెతకడానికి పదకొండు రోజులు పట్టింది. దొరికినావిడ అరవై దాటిన తెల్లావిడ, మాట తక్కువ. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చదివి, మూడే ప్రశ్నలు వేసింది. ఈ సవరణ రాసిన లాయరుని ఎవరు తెచ్చారు? సంతకం నాటికి మీ అక్క ఏ మందుల మీద ఉంది? మార్పు వల్ల లాభం ఎవరికి?

మూడింటికీ జవాబు తెలిసిందే అన్నాను. తెలియడం వేరు, చూపించడం వేరు అంది. మరి కోర్టుకెళ్తే పాపకి ఏమీ రాదన్న షరతు? సరైన కారణంతో వేసిన దావా మీద కాలిఫోర్నియాలో ఆ షరతు పనిచెయ్యదంది. "సరైన కారణమా కాదా అనేది ఎవరు తేలుస్తారు?" అంటే, "జడ్జి. చివర్లో" అంది.

అంటే పందెం నాది, ఒడ్డింది పాప బతుకు. ఓడితే నాకు పోయేదేమీ లేదు. ఆ షరతు రాయించినవాడికి ఇది బాగా తెలుసు. నన్ను భయపెట్టడానికి పాపని అడ్డం పెట్టాడు. నేను ఆగిపోతాననుకున్నాడు. నిజం చెప్పాలంటే మూడు రోజులు ఆగిపోయాను కూడా. నాలుగో రోజు దావా మీద సంతకం పెట్టాను.

తర్వాత ఏడెనిమిది నెలలు ఎక్కువగా అక్క ఇంట్లోనే ఉన్నాను. అక్క చదువుకునే గదిలో లాప్‌టాప్ పెట్టుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఈస్ట్ కోస్ట్ టైముకి ఆఫీసు మీటింగులు. మొదటి వారంలోనే ఇంటికి ఇంకో ఉత్తరం వచ్చింది. ట్రస్టీ అయిన బాబాయి అనుమతి లేకుండా నేను ఆ ఇంట్లో ఉంటున్నానట, ఖాళీ చెయ్యాలట. అక్క పోయాక కింద గదిలో ఉండి పాపని చూసుకుంటున్న ఆవిడకి జీతం కూడా ఆపేశారు, ఆవిడ వెళ్ళిపోయింది. మా అక్క ఇంట్లో, మా అక్క కూతురికి అన్నం పెట్టడానికి నాకు అనుమతి కావాలట! ఇల్లు అమ్మకుండా, మమ్మల్ని కదపకుండా కోర్టు ఆపేదాకా నేను బయటికి వెళ్ళిన ప్రతిసారీ, తిరిగొస్తే గరాజ్ తలుపు తెరుచుకుంటుందో లేదో అనుకుంటూనే రిమోట్ నొక్కేదాన్ని.

ఊళ్ళో తెలుగువాళ్ళకి తెలిసింది. పాప చిన్నప్పటి నుంచి "ఆంటీ" అని పిలిచే ఒకావిడ వంకాయ కూర గిన్నె పట్టుకుని వచ్చింది. కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఏమీ అనుకోకమ్మా. ఎంతైనా అది వాళ్ళింటి ఆస్తి కదా. నువ్వు ఆవిడ పుట్టింటి తరఫు. అతను సొంత బాబాయి. రేపు అమ్మాయి తర్వాత ఎవరో సంస్థవాళ్ళకి పోయేకంటే ఇంటిపేరున్నవాళ్ళకి వస్తే తప్పేముంది?"

"ఆ ఇంటికి లోన్ కట్టింది మా అక్క ఆంటీ. బావగారి ఉద్యోగం పోయిన మూడేళ్ళూ ఒక్కతే కట్టింది."

"అదే అంటున్నా. భార్యాభర్తలన్నాక నీదీ నాదీ ఏముంటుంది?"

నేను లేచి కూర వేరే గిన్నెలోకి తీసి, ఆవిడ గిన్నె కడిగి చేతికిచ్చాను. ఇంట్లో కూతురుంటే, ఆ కూతురు ఇలాంటిదైతే, ఆస్తికి వారసురాలు కాదు, దారిలో అడ్డమున్న సామాను. ఎంత మర్యాదగా చెప్పినా వాళ్ళు చెప్పేది అదే. అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్ళయినవాళ్ళు, సొంత కూతుళ్ళని డాక్టర్లని చేసినవాళ్ళు!

ఒకరోజు వంటింట్లో గోడకి తగిలించిన కేలండరు తీసేద్దామని చెయ్యి వేశాను. గుడివాళ్ళు ఇచ్చిన తెలుగు కేలండరు, ఏడాది దాటిపోయింది. పాప పరిగెత్తుకొచ్చింది.

"నో పిన్నీ! అది నాది."

ప్రతి గడిలోనూ పెన్సిలుతో, ఇంగ్లీషులో, పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. ఎవరు వచ్చారు, ఏం తిన్నాను, బస్సు టైముకి వచ్చిందా. అక్క నేర్పిన అలవాటేనట. నా చేతులు వాటంతట అవే సంతకం జరిగిన నెలకి వెళ్ళాయి. ఆ రోజు గడిలో నాలుగు ముక్కలున్నాయి. బాబాయ్ వచ్చాడు. స్టాంప్ ఉన్న లేడీ వచ్చింది. అమ్మ నిద్రపోతోంది. పిజ్జా.

ఆదివారం కాదు. అయినా పిజ్జా.

"ఈ లేడీ ఎవరు పాపా?"

"స్టాంప్ లేడీ. నాకు కూడా స్టాంప్ కావాలని అడిగాను. నో అంది."

"అమ్మ మాట్లాడిందా?"

"అమ్మ నిద్ర. బాబాయ్ అమ్మ హ్యాండ్ పట్టుకున్నాడు. పెన్ కింద పడింది. నేను తీసి ఇచ్చాను."

స్టాంప్ లేడీ అంటే సంతకం చూసి ముద్ర వేసే నోటరీ. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను. ఆ పెన్ను తీసి ఇచ్చింది పాప. తన ఇంటిని తన దగ్గర్నించి లాక్కునే కాగితం కోసం, పెన్ను కింద పడితే, తల్లి నేర్పిన మర్యాద ప్రకారం వంగి తీసి ఇచ్చింది.

లాయరు ఆ కేలండరు ఫోటోలు తీసుకుంది కానీ పొంగిపోలేదు. పాప మాటని అవతలివాళ్ళు నిలబడనివ్వరంది. అలాగే అయింది. వాళ్ళ లాయరు రాసిన జవాబులో పాప "నమ్మదగని సాక్షి" అని ఉంది. ఆ మాట చదివి నేను కాగితం విసిరేశాను. ఆ ఇంట్లో అబద్ధం చెప్పడం రాని మనిషి అదొక్కతే.

నిజంగా పనికొచ్చింది హాస్పిస్ నర్సు రాసిన నోట్సు. చివరి రోజుల్లో ఇంటికొచ్చి మందులిచ్చే ఆవిడ ప్రతి విజిట్‌కీ పేజీ నింపుతుందని నాకు తెలియదు. సంతకం రోజు పొద్దున మార్ఫిన్ పెంచారు. "ఏ ఊళ్ళో ఉన్నదీ చెప్పలేకపోయింది. చనిపోయిన తల్లిని పిలుస్తోంది" అని రాసి ఉంది. అదే రోజు మధ్యాహ్నం పద్నాలుగు పేజీల సవరణని చదివి, అర్థం చేసుకుని, సమ్మతించినట్టు మా అక్క సంతకం! సంతకమా అది? మొదటి అక్షరం ఉంది, తర్వాతంతా కిందికి జారిపోయిన గీత.

బాబాయి చేత ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే రోజు వచ్చింది. మా లాయరు ఆఫీసులో పొడుగాటి బల్ల. టైపు చేసుకునే ఆవిడ ఒక చివర. నేను అతనికి ఎదురుగా కూర్చున్నాను. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు వచ్చాడు.

ఆ లాయరుని ఎవరు వెతికారు? తనే. ఫీజు ఎవరిచ్చారు? తనే, తన కార్డు మీద. లాయరు ఆమెని ఎన్నిసార్లు కలిశాడు? కలవలేదు, ఫోన్లో మాట్లాడాడు. ఆ ఫోను ఎవరు పట్టుకున్నారు? తనే, స్పీకర్లో పెట్టి. ఆమె ఏమంది? "యస్ అంది."

"యస్ కాక ఇంకేమైనా అందా?"

 అతను మా లాయరుకి కాకుండా నాకు చెప్పినట్టు, ఇంగ్లీషులోనే అన్నాడు. "ఈమె అప్పుడు అక్కడ లేదు. నేనున్నాను. ప్రతిరోజూ నేనున్నాను."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఒళ్ళంతా మండింది. నేను క్యారీలో స్ప్రెడ్‌షీట్లు చూసుకుంటున్న ఆ మధ్యాహ్నం, అక్క నోరు తడిపింది అతనే. ఆ తడిపిన చేత్తోనే పెన్ను పట్టించాడు. రెండూ ఒకే మనిషి ఎలా చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు.

బ్రేక్ ఇచ్చినప్పుడు కారిడార్‌లో నీళ్ళ మెషీన్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మనలో మనం ఇలా కోర్టుల దాకా..."

"నన్ను అమ్మా అనకు."

ఇరవై అయిదేళ్ళుగా "మీరు", "అండీ" తప్ప అతనితో ఇంకోలా మాట్లాడలేదు. ఆ "అనకు" విని చెంప మీద కొట్టినట్టు వెనక్కి తగ్గాడు.

"అది మా అన్నయ్య కష్టం. పాప తర్వాత ఎవరో అనాథలకి పోవాలా?"

"పాపలాంటివాళ్ళకి పోవాలి. మా అక్క రాసింది. తెలివున్నప్పుడు, తన చేత్తో, ఎవరూ పట్టుకోకుండా రాసింది. నువ్వు అక్క చేతికి పెన్ను పట్టించావు, తెలుసా నీకు? అది కింద పడితే ఎవరు తీసిచ్చారో గుర్తుందా?"

గుర్తుంది. మొహంలో కనిపించింది. చేతిలో పేపరు కప్పు నలిగి నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. వాళ్ళ లాయరు వచ్చి అతన్ని మోచెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

విచారణ కంటే ముందు మధ్యవర్తి దగ్గరికి వెళ్ళమంది కోర్టు. రిటైరైన జడ్జి, స్వెటర్ వేసుకున్న పెద్దాయన. మేమొక గదిలో, వాళ్ళొక గదిలో, మధ్యలో ఆయన తిరుగుతూ. పాప తరఫున మాట్లాడటానికి కోర్టు వేరే లాయరుని పెట్టింది. ఆవిడ అంతకుముందు పాపని రెండుసార్లు ఇంట్లో కలిసింది. ఎక్కడ ఉండాలని ఉందని అడిగితే పాప, "ఇక్కడ. నా బస్ ఇక్కడికే వస్తుంది" అందట. ఎందుకు అని మళ్ళీ అడిగితే, ఇంత తేలిక ప్రశ్న రెండోసారి ఎందుకడుగుతున్నావన్నట్టు చూసిందట.

నాకు విచారణ కావాలి. జడ్జి పైన కూర్చుని, అందరూ వింటుండగా, ఇది తప్పు అనాలి. ఆ మాట రికార్డులో ఉండాలి. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నేను అదే పట్టుకుని కూర్చున్నాను. చివరికి పెద్దాయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. గెలిచే కేసేనన్నాడు. కానీ విచారణకి తేదీ రావడానికే ఏడాది పైన పడుతుందనీ, గెలిచినా అవతలివాళ్ళు పైకోర్టుకి వెళ్ళొచ్చనీ, అన్నాళ్ళూ పాప ఇల్లు గాల్లో వేలాడుతుందనీ చెప్పాడు. "ఆమెకి ఆ ఇల్లు ఈ రాత్రికే ఇప్పించగలను. మీకు కావలసిన మాట మాత్రం ఇప్పించలేను" అన్నాడు.

మా లాయరు వైపు చూశాను.  అక్క అయితే ఏం చేసేదో నాకు తెలుసు. రెండో ఆలోచన లేకుండా ఇల్లు తీసుకునేది. నేను అక్కని కాను. గంటన్నర పట్టింది.

సవరణ రద్దయింది. ఇల్లు పాపది, అక్క మొదట రాసినట్టే, పాప తర్వాత కూడా అక్క రాసినట్టే. నడిపించడానికి నేనూ కాదు, అతనూ కాదు, అదే వృత్తిగా చేసే మూడో మనిషిని పెట్టారు. అతను తప్పు చేసినట్టు ఎక్కడా లేదు. "ఉభయులూ ఏ తప్పునూ అంగీకరించకుండా" అని మొదటి పేజీలోనే ఉంది. ఉభయులూనట! నేనేం చేశాను అంగీకరించకపోవడానికి? పైగా అతని లాయరు ఖర్చులో కొంత ట్రస్టే కట్టింది. పాప ఇల్లు లాక్కోబోయినందుకు అయిన ఖర్చులో పాప వాటా. ఇంకొక షరతు, ఒకరి పేరు ఎత్తి ఇంకొకరు చెడ్డగా మాట్లాడకూడదు. ఇందులో ఎవరి పేర్లూ లేకపోవడానికి కారణం అదే. లేకపోతే అతని పేరు ఇంటిపేరుతో సహా రాసేదాన్ని.

సంతకం పెట్టి బయటికొస్తే, అందరూ అభినందించారు. మా ఆయన ఫోన్లో, "గెలిచావు కదే" అన్నారు. నేను కారులో కూర్చుని స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాను. పార్కింగ్‌లో హారన్ మోగితే ఎవరో తిరిగి చూశారు.

ఇప్పుడు పాప తన ఇంట్లో ఉంది. కింద గదిలో పాత ఆవిడే మళ్ళీ ఉంటోంది. బస్సు వస్తోంది. నేను ఆరు వారాలకోసారి వెళ్తాను.

పోయిన దీపావళికి పాపని గుడికి తీసుకెళ్ళాను. ప్రసాదాల దగ్గర లైన్లో ఉండగా పాప ఒక్కసారిగా నా చెయ్యి వదిలేసి పరిగెత్తింది. అవతల చెప్పుల స్టాండు దగ్గర బాబాయి. పాప వెళ్ళి నడుం చుట్టూ చేతులు వేసి పట్టేసుకుంది. అతను దాని తల మీద చెయ్యి పెట్టాడు. ఏడ్చాడు. దొంగ ఏడుపని అనుకోవాలని చాలా ప్రయత్నించాను, కాదు.

"బాబాయ్, సండే ఎందుకు రావట్లేదు? ఇంటికి రా. పిజ్జా తిందాం."

అతను పాప తల మీంచి నా వైపు చూశాడు. అడుగుతున్నాడు, నోరు తెరవకుండా. చుట్టూ తెలిసినవాళ్ళు, చేతుల్లో పులిహోర ప్లేట్లతో, మా ఇద్దరినీ చూస్తూ. వంకాయ కూర ఆంటీ కూడా ఉంది. నేను సరే అంటే అందరికీ ఎంత హాయి! పండగపూట, గుళ్ళో, అన్నీ సర్దుకుపోయేవి.

"బాబాయి రాడు పాపా. పద" అన్నాను.

పాపని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. పట్టు కొంచెం గట్టిగానే పడింది. కారెక్కాక సీటు బెల్టు పెట్టుకోవడానికి నా సాయం వద్దంది. ఫ్రీవే మీద చాలాసేపు కిటికీలోంచి చూసి, అప్పుడు అంది.

"పిన్నీ, నువ్వు రూడ్. బాబాయ్ ఏడ్చాడు. నువ్వు సారీ చెప్పలేదు."

అక్క నేర్పింది. ఎవరైనా ఏడిస్తే సారీ చెప్పాలి.

ఏం చెప్పను దానికి? నీ ఇల్లు లాక్కోబోయాడని చెప్పనా? నువ్వు తీసిచ్చిన పెన్నుతోనే అని చెప్పనా? అతని మంచితనాన్ని దాని మనసులో చెక్కుచెదరకుండా కాపాడే పని కూడా నాకే పడింది. ఏ కాగితంలోనూ రాయని షరతు అది. నేను రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాను. ఇంటికొచ్చాక పాప బూట్లు విప్పి వరసగా పెట్టి, నా వైపు చూడకుండా పైకి వెళ్ళిపోయింది. మర్నాడు నేను ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేదాకా నాతో మాట్లాడలేదు.